ఎమ్మెల్యే గారి బడ్జెట్ లెక్క, మన పాస్‌బుక్కు లెక్క

(మండల సమాఖ్య మహాసభ తర్వాత గ్రామ సంఘాల సమావేశాల్లో చేసిన ప్రసంగం)



మహాసభ నాడు మన ఎమ్మెల్యే గారు వచ్చి ముప్పావు గంట మాట్లాడారు. రాష్ట్రం ఆదాయం ఎంత, అప్పు ఎంత, పథకాలకు ఎంత పెడుతున్నారు అన్నీ చెప్పారు. మైకు సక్కగ లేక వెనుక కూర్చున్నోళ్లకు వినపడలేదు. వినపడ్డోళ్లకు లక్షల కోట్లు అనేసరికి తల తిరిగింది. అందుకే ఓబీ సమావేశంలో తీర్మానం చేసుకున్నాం. ఆయన ఏం చెప్పారు, మేము ఏం అడిగినం, దేనికి జవాబు వచ్చింది, దేనికి రాలేదు, ఇది ప్రతి గ్రామ సంఘంలో చెప్పాలని. పార్టీల మాట మాత్రం ఇక్కడ వద్దు. మన సంఘాల్లో అన్ని పార్టీల ఇండ్ల ఆడోళ్లు ఉన్నారు.

మొదట పెద్ద లెక్క. మార్చి 19న అసెంబ్లీలో పెట్టిన 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. ఇందులో రెవెన్యూ ఖర్చు 2,26,982 కోట్లు, మూలధన ఖర్చు 36,504 కోట్లు. ఈ పేర్లకు భయపడొద్దు. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీలు రెవెన్యూ ఖర్చు. అంటే మన ఇంట్ల బియ్యం, పిల్లల ఫీజు, మందుల ఖర్చు వంటిది, అయిపోయేది. రోడ్డు, ప్రాజెక్టు, బిల్డింగు మూలధన ఖర్చు. మనం బర్రెను కొన్నట్టు, బోరు వేసినట్టు, నిలిచేది. మొత్తాన్ని 100 రూపాయలు అనుకుంటే సుమారు 74 రూపాయలు అయిపోయే ఖర్చుకు, 12 రూపాయలు నిలిచే పనికి. మిగిలిన 14 రూపాయల్లో పాత అప్పుల అసలు కట్టేది, ప్రభుత్వం వేరేవాళ్లకు ఇచ్చే అప్పు ఉంటాయి.

సంఘం అప్పు తీసుకొని పండుగకు ఖర్చు పెట్టినోళ్ల సంగతి, బర్రె కొన్నోళ్ల సంగతి మనకు తెల్వంది కాదు. రాష్ట్రానికైనా అదే లెక్క. అయితే ఒక మాట. 74 రూపాయల్లోనే సన్న బియ్యం ఉంది, జీరో టికెట్ ఉంది, మన వడ్డీ ఉంది. అయిపోయే ఖర్చంతా దుబారా అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. కడుపులోకి పోయిన అన్నం కూడా అయిపోయేదే.

ఆ డబ్బు ఎక్కడిది అని ఒక అక్క మహాసభలోనే లేచి అడిగింది. "మేము పన్ను కట్టేటోళ్లం కాదు గద సారూ" అన్నది. ఎమ్మెల్యే గారు నవ్వి, "నువ్వు రోజూ కడుతున్నవమ్మా" అన్నారు. ఇది నిజం. ఒంటి సబ్బు మీద 2025 సెప్టెంబర్ వరకు 18 శాతం జీఎస్టీ ఉండేది. పన్ను లేని ధర 100 అనుకుంటే అప్పుడు మనం 118 ఇచ్చినం. ఆ 18లో 9 రాష్ట్రానికి, 9 కేంద్రానికి. 2017 జూలై 1 నుంచి ఇదే పద్ధతి. పెట్రోలు, డీజిలు, తాగే మందు మాత్రం జీఎస్టీలో లేవు, వాటి మీద రాష్ట్రం వేరే పన్ను వేసుకుంటుంది. కేంద్రం రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతం. అందుకని పథకం వచ్చినప్పుడు ఎవరో దయ తలచి ఇచ్చినట్టు రెండు చేతులు జోడించాల్సిన పని లేదు. అందులో మన సబ్బు డబ్బు కూడా ఉంది.

ఇప్పుడు అసలు విషయం. బడ్జెట్‌లో రాయడం వేరు, డబ్బు విడుదల కావడం వేరు. మన లింకేజీ లోనుకు మేనేజరు సంతకం పెట్టిన దినం మన చేతికి పైసలు వస్తయా? రావు. ఖాతాలో పడ్డనాడే వచ్చినట్టు. బడ్జెట్ కూడా అంతే. ఇవాళ రాసేది అంచనా. ఏడాది గడిచేటప్పుడు దాన్ని సవరిస్తారు. ఇంకా తర్వాత అసలు ఖర్చు ఎంతో తేలుతుంది. ఈ మూడు అంకెలూ బడ్జెట్ పుస్తకాల్లో పక్కపక్కనే ఉంటాయి. ఎమ్మెల్యే గారు మొదటి అంకె చెప్పారు. మేము మూడోది అడిగినం.

ఏ పద్దు మీద అడిగినమంటే వడ్డీ లేని రుణం మీద. మీకు తెలిసిందే, పేరుకు వడ్డీ లేదు కానీ బ్యాంకు నెలనెలా వడ్డీతోనే కిస్తీ పట్టుకుంటుంది. కిస్తీ తప్పకుండా కట్టిన సంఘానికి ఆ వడ్డీ ప్రభుత్వం తర్వాత తిరిగి జమ చేయాలి. 5 లక్షల లోను, నూటికి రూపాయి వడ్డీ అనుకోండి. మొదటి నెల వడ్డీయే 5,000. పది మంది సభ్యులుంటే తలా 500. అది ఎండల్లో నడుం వంచిన కూలి. ఆ సొమ్ము వెనక్కి రావడం ఏండ్ల తరబడి ఆలస్యమైతే మనం ప్రభుత్వానికి అప్పు ఇచ్చినట్టే గద, అదీ వడ్డీ లేకుండ! ఈ మాటే సభలో అన్నం. చప్పట్లు మస్తు కొట్టిన్రు. చప్పట్లతో ఖాతాలో ఏమీ పడదు కాబట్టి మళ్లీ అడిగినం.

"ఇటీవలివి వస్తున్నయి, పాతవి ఆర్థిక పరిస్థితిని బట్టి చూస్తాం" అన్నారు. చూస్తాం అంటే ఎప్పుడు అని కోశాధికారి అడిగింది. దానికి తేదీ చెప్పలేదు. ఒక మాట మాత్రం ఇచ్చారు, మన మండలం పాత బాకీ సంఘం వారీగా రాసిస్తే అసెంబ్లీలో ప్రశ్న వేస్తానన్నారు. ఎమ్మెల్యేకు ఆ హక్కు ఉంది. ప్రశ్న వేస్తే మంత్రి గారు జవాబు చెప్పాలి, అది రికార్డులోకి ఎక్కుతుంది. వినతిపత్రం ఫైల్లో పండుకుంటది.

బస్సు సంగతి తొందరగా చెప్తా. 2023 డిసెంబర్ 9 నుంచి మనకు టికెట్ డబ్బు లేదు. మంచిదే, ఆసుపత్రికి పోయేటప్పుడు మగోళ్లను చెయ్యి చాపి అడిగే బాధ తప్పింది. కానీ రెండు ఊర్లకు బస్సే రోజుకు రెండు ట్రిప్పులు. లేని బస్సులో ఉచితం ఏంది అన్నం. డిపోతో మాట్లాడతానన్నారు. మీరు మాత్రం జీరో టికెట్ తప్పకుండ అడిగి తీసుకోండి. ఆ టికెట్ల లెక్క మీదే ఆర్టీసీకి ప్రభుత్వం డబ్బు కడుతుంది. మనం టికెట్ తీసుకోకపోతే ఆ రూట్లో ఆడోళ్లు ఎక్కనట్టే లెక్క.

ఇక సభ మొత్తం నిశ్శబ్దమైన ప్రశ్న బెల్టు షాపులది. మా సంఘంలో ఒక చెల్లె, పేరు చెప్పను, లేచి అన్నది: "పగలు మీరిచ్చిన పింఛను మా అత్తకు వస్తది, రాత్రికి బెల్టు షాపుకు పోతది. ఇచ్చింది ఎంత, పట్టుకపోయింది ఎంత, గీ లెక్క కూడా బడ్జెట్ల చెప్పున్రి." ఎమ్మెల్యే గారు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత, మందు ఆదాయం ఒక్కసారి ఆపితే పథకాలు నడవడం కష్టం, బెల్టు షాపులను మాత్రం సమర్థించను అన్నారు. దాచిపెట్టకుండ చెప్పినందుకు మేము గౌరవిస్తాం, ఒప్పుకోం.

ఎందుకంటే ఇది ఆడోళ్లు ఒకసారి చేసి చూపించిన పని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే ఆడోళ్లు సారా కొట్టు మూయించారు. అది ఊరూరికీ పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ నిషేధం కూడా వచ్చింది, ఆదాయం సరిపోతలేదని 1997లో ఎత్తేశారు. అప్పుడూ ఇదే మాట, ఖజానా. రాష్ట్రం మొత్తం సంగతి మన చేతిలో లేదు. కానీ లైసెన్సు ఉండేది మందు దుకాణానికి, బెల్టు షాపుకు లేదు. దాన్ని మూయించమని అడగడానికి బడ్జెట్‌తో పని లేదు. మూడు గ్రామ సంఘాలు ఇప్పటికే తీర్మానం రాసి గ్రామసభలో పెట్టాయి. ఒక ఊర్లో మూతపడింది, ఒక ఊర్లో మూసి మళ్లీ తెరిచారు, మూడో ఊర్లో దుకాణం నడిపేది మన సభ్యురాలి ఇంటాయనే. అక్కడ మాట్లాడటం కష్టంగానే ఉంది, అయినా ఆమె ముందే మాట్లాడుతున్నం.

ఇక పని చెప్తా, రాసుకోండి. ప్రతి సంఘం బ్యాంకు పాస్‌బుక్కు ఎంట్రీలు కొట్టించుకొని వచ్చే నెల 5వ తేదీలోపు వీవోఏకు ఇవ్వాలి. బ్యాంకు పట్టుకున్న వడ్డీ ఎంత, తిరిగి జమ అయింది ఎంత, ఈ రెండే రాయాలి. ఎర్ర పెన్నుతో గీత గీస్తే సులువు. కిస్తీ తప్పిన నెలలుంటే అవి కూడా ఉన్నదున్నట్టు రాయండి, ఒక్క తప్పుడు లెక్క పోతే మొత్తం కాగితం పక్కన పెడతారు. 10వ తేదీన ఓబీ మెంబర్లం అందరం ఎమ్మెల్యే గారి దగ్గరికి పోతున్నం. రశీదు మీద సంతకం తీసుకొనే వస్తం. ప్రతి ఊరి నుంచి ఇద్దరు రావాలి, బస్సు పొద్దుగాల 8 గంటలకు ఉంది.