కుక్క మోకాలిలో తెగే పోగులు

సూరత్‌లోని లింబాయత్, ఉధనా వైపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతికిన కుటుంబాలు ఈ సభలో చాలా ఉన్నాయి కాబట్టి మీ మాటతోనే మొదలుపెడతాను. పడుగు ఒక్కసారిగా తెగదు. ఒక పోగు నలిగి పీచు లేస్తుంది, తర్వాత దాని పక్కది. కుక్క మోకాలిలో లిగమెంటు కూడా చాలాసార్లు ఇలాగే తెగుతుంది. "నిన్న మెట్ల మీంచి దూకిందండీ, అప్పట్నుంచి కాలు మోపట్లేదు" అని కుక్కను మా పశువైద్యుల దగ్గరికి తీసుకొస్తారు. ఎక్స్‌రే తీస్తే కీలులో పాత అరుగుదల కనిపిస్తుంది. నిన్నటి దూకుడు ఆఖరి పోగును తెంపిందంతే.

అందుకే కుంటేదాకా ఆగకండి. అది కూర్చునే తీరు చూడండి. మోకాలు నొస్తున్న కుక్క ఆ కాలు మడవలేక పక్కకు చాపుతుంది. పడుకుని లేచాక నాలుగడుగులు బిగుసుకుని నడుస్తుంది. ఆ తొడ సన్నబడుతుంది.

ఇంకో మాట, చేతులు జోడించి అడుగుతున్నాను. మన ఒళ్లు నొప్పుల మాత్ర దానికి వేయకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ప్రేమతో వేసిన మాత్రే ప్రాణం తీయగలదు.

ఆపరేషన్‌లో లిగమెంటు కుడతారా? కుట్టం. పీచైపోయిన పోగుకు ముడి నిలవదని మీకు నేను చెప్పాలా! కుక్క మోకాలి కింది ఎముక పైభాగం సుమారు 25 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా తొడ ఎముక ఆ వాలు మీద జారబోతుంది, లిగమెంటు తాడులా పట్టి ఆపుతుంది. తాడు తెగితే వాలునే తగ్గించవచ్చని అమెరికా పశువైద్యుడు బార్క్‌లే స్లోకమ్ ఆలోచించారు. ఎముకను వంపుగా కోసి, తిప్పి, ప్లేటుతో బిగించే ఆ పద్ధతిని 1993లో ప్రచురించారు. దాన్నే టీపీఎల్‌ఓ అంటాం. వాలు 5 డిగ్రీల దగ్గరికొస్తే లిగమెంటు లేకున్నా మోకాలు నిలుస్తుంది. ఎంత గొప్ప ఊహ! లాబ్రడార్, రాట్‌వీలర్ లాంటి బరువైన కుక్కలకు నేను దీన్నే ఎంచుకుంటాను. 15 కిలోల లోపువి చాలావరకు విశ్రాంతితో, బరువు తగ్గించడంతో కోలుకుంటాయి.

ఆపరేషన్ తర్వాత ఎముక అతకడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. నొప్పి మాత్రం ముందే తగ్గుతుంది, కుక్క గెంతబోతుంది. ప్రమాదమంతా అప్పుడే. తాడు వేసి బయటికి తీసుకెళ్లి, పని కాగానే లోపలికి తెచ్చేయండి. నున్నటి టైల్స్ మీద గోనెపట్టా పరవండి.

ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగానికి కొన్నేళ్లలో రెండోదీ పోతుంది. కాబట్టి ఆపరేషన్ అయినా కాకున్నా బరువు పెరగకుండా గాంఠియా, బిస్కెట్లు మానిపించండి. ఈ రాత్రి ఇంటికెళ్లాక దాని పక్కలు నిమరండి. నొక్కకుండానే పక్కటెముకలు వేళ్లకు తగలాలి.