కడవ కాదు కారణం

(దళితవాడ సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగం)



గాలివానకి పూరిల్లు కూలిందంటే అందరం గాలివానని తిడతాం. అదే వానకి పక్కిల్లు ఎట్లా నిలబడిందని మాత్రం అడగం. అడిగితే తెలుస్తుంది, మన ఇంటి నిట్రాడిని చెద ఎన్నేళ్ళుగానో తింటా ఉందని. గాలి తక్షణ కారణం. చెద అసలు కారణం. గాలి ఒక్క రాత్రి పని. చెద ఏళ్ళ తరబడి పని, పైగా చప్పుడు చెయ్యదు.

మన మీద జరిగే దాడుల్ని కూడా ఇట్లాగే చూడాలి.

1985 జులైలో కారంచేడులో మాదిగలు మంచినీళ్ళు తెచ్చుకునే చెరువు దగ్గర ఒక కమ్మ కుర్రాడు గేదెను కడిగి నీళ్ళు మురికి చేశాడు. ఇదేమిటని అడిగితే కొట్టబోయారు. సువార్త అనే ఆడకూతురు కడవ ఎత్తి అడ్డుకుంది. జులై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని వేటాడి చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. చెరువు కాడ తగువే దీనికంతా కారణమని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఒక్క కడవకి ఆరు ప్రాణాలా? భూమి వాళ్ళది. పంట డబ్బు వాళ్ళది. 1983 తర్వాత రాజ్యం కూడా మాదేనన్న ధీమా వాళ్ళది. అట్లాంటి చోట ఒక మాదిగ ఆడమనిషి ఎదురు నిలబడటం వాళ్ళు సహించలేకపోయారు.

1991 జులైలో చుండూరు సినిమాహాల్లో డిగ్రీ చదివిన దళిత కుర్రాడి కాలు తగిలిందన్నారు. ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. కాలు తగలడం గాలివాన. మన పిల్లలు చదివి, రైల్వే ఉద్యోగాలు తెచ్చుకుని, తలెత్తి నడిస్తే ఓర్వలేని కులమే చెద.

కారణాల సంగతి ఇది. లాభాల సంగతీ ఇంతే. యూరియా చల్లితే నాలుగు రోజుల్లో చేను పచ్చబడుతుంది. జీలుగు వేస్తే నెలన్నర ఆగి, పూతకొచ్చినదాన్ని కలియదున్నాలి. దాన్నించి గింజ రాదు. కానీ నేల బలపడుతుంది. ఆ బలం తర్వాతి పంటలో కనపడుతుంది.

కారంచేడు మాదిగలు జీలుగు వేశారు. కూలి పోయినా సరే, ఆ ఊరికి తిరిగి పోమని చీరాలలో శిబిరంలో కూర్చున్నారు. వాళ్ళ పట్టుదలలోంచే దళిత మహాసభ పుట్టింది. అట్లాంటి ఊళ్ళ నెత్తురు 1989 అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఉంది. కోర్టుల దారి మాత్రం సుళువు కాదు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఇది దాచిపెట్టి మీకు ధైర్యం చెప్పను. అయితే చుండూరు వాళ్ళు పట్టుబట్టి తమ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. చంపిన ఊళ్ళోనే బోనెక్కించారు. అది చిన్న సంగతి కాదు.

వాడలో ఏదన్నా జరిగితే రాత్రికి రాత్రే పెద్దమనుషులు రాజీకి వస్తారు. కొంత డబ్బు చేతిలో పెట్టి కేసు వద్దంటారు. రేపటికి బియ్యం లేని ఇంటికి అది పెద్ద మొత్తమే. తీసుకున్నవాణ్ణి తిట్టి లాభం లేదు. ఆ ఇంటికి బియ్యం లేకపోవడమే పెద్దమనుషుల బలం. అందుకని ఇంటికో గుప్పెడు బియ్యం పోగెయ్యండి. సాక్షి కోర్టుకి పోయినరోజు అతని కూలి వాడంతా కలిసి ఇవ్వండి. సాక్షిని ఒంటరిగా పంపొద్దు.

ఇంకో పని. చదువుకున్న పిల్లల చేత ఒక నోటుబుక్కు రాయించండి. గ్లాసు వేరు పెట్టింది, దారి మూసింది, కూలి ఎగ్గొట్టింది, తేదీ వేసి, చూసినవాళ్ళ పేర్లతో రాయించండి. రేపు గాలి వచ్చినప్పుడు చెద సంగతి చెప్పడానికి మన చేతిలో కాగితం ఉండాలి.

జై భీమ్.