ఒప్పుకున్న అబద్ధం: సైన్స్ ఫిక్షన్ ఎపిసోడ్‌ను ఎలా తూచాలి?

(ముదిగొండలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఈ చుట్టుపక్కల బడుల్లో ఏళ్ల తరబడి సైన్సు చెప్పిన మాస్టారి జ్ఞాపకార్థం జరుగుతున్న సభ ఇది. సైన్సు మీద మాట్లాడమన్నారు. టీవీలో వచ్చే సైన్స్ ఫిక్షన్ ఎపిసోడ్ మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలన్నది నేనే అడిగి తీసుకున్న విషయం. ఇంత చిన్న విషయమా అని కొందరికి అనిపించవచ్చు. కానీ రేడియేషన్ అంటే ఏమిటో, రోబో ఏం చేయగలదో మన పిల్లలు పాఠం కంటే ముందు తెర మీద చూస్తున్నారు. చూసింది తూచుకునే పద్ధతి కూడా నేర్పితే తప్ప ఆ చూపు పూర్తికాదు.

సైన్స్ ఫిక్షన్ మొదట్లోనే మనల్ని ఒక అబద్ధం ఒప్పుకోమంటుంది. కాలంలో వెనక్కి పోవచ్చంటుంది. ఒకే రోజు మళ్లీ మళ్లీ తెల్లవారుతుందంటుంది. సరే అంటాం. పేచీ అక్కడ లేదు. నేను అడిగేవి రెండే. ఆ ఒక్క అబద్ధానికి పెట్టిన హద్దు కథ చివరిదాకా నిలిచిందా? దానివల్ల కథలో ఎవరికైనా నష్టం కలిగిందా? సెట్టింగులు, గ్రాఫిక్సు, వేషాలు ఆ తర్వాతి సంగతి.

మొదట బయటి ఉదాహరణ ఒకటి చూద్దాం. 80ల్లో దూరదర్శన్‌లో కూడా వచ్చిన అమెరికన్ సీరియల్ ‘స్టార్ ట్రెక్’. అందులో ‘ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్’ అనే ఎపిసోడ్ 1967 ఏప్రిల్ 6న ప్రసారమైంది. హార్లన్ ఎలిసన్ రాసిన కథను నిర్మాతలు మార్చారు. ఆ మార్పులను ఆయన ఎన్నడూ మెచ్చలేదు. అయినా 1968లో దానికి హ్యూగో అవార్డు వచ్చింది. అంతరిక్ష ఓడ డాక్టరు మెకాయ్ పొరపాటున మందు ఎక్కువై మతి చెడి, ఒక కాలద్వారం గుండా దూకి 1930 నాటి న్యూయార్క్‌లో పడతాడు. అక్కడ ఆయన చేసే ఏదో ఒక పనివల్ల చరిత్ర తారుమారై, ఆకాశంలో ఉండవలసిన ఓడే లేకుండా పోతుంది. దాన్ని సరిచేయడానికి కెప్టెన్ కర్క్, అతని కింది అధికారి స్పాక్ ఇద్దరూ మెకాయ్ వెనకే వెళ్తారు. బీదలకు అన్నం పెట్టే ఈడిత్ కీలర్ అనే యువతి గంటకు 15 సెంట్ల కూలికి వాళ్లకు పని ఇస్తుంది. కర్క్ ఆమెను ప్రేమిస్తాడు. ఆమె బతికితే శాంతి ఉద్యమం నడుపుతుందనీ, దానివల్ల అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా దిగుతుందనీ, హిట్లర్ గెలుస్తాడనీ స్పాక్ కనుక్కుంటాడు. ఆమె రోడ్డు దాటుతుంటే ట్రక్కు వస్తుంది. కాపాడబోయిన డాక్టర్ని కర్క్ గట్టిగా పట్టి ఆపేస్తాడు.

దీని బలం హద్దులోనే ఉంది. స్పాక్ దగ్గర ట్రైకార్డర్ అనే చేతి పరికరం తప్ప పెద్దగా భవిష్యత్తు యంత్రాలేవీ లేవు. అందులో నమోదైన చరిత్రను చూడాలంటే 1930లో దొరికే రేడియో వాల్వులు, తీగలతోనే గదిలో కూర్చుని తంటాలు పడాలి. ఆయన ప్లాటినం కావాలంటాడు. కర్క్ తెచ్చేవి కూరగాయలు, నాలుగు వాల్వులు. ఆ గదిలో సైన్సుకు సరుకు లేక చేతులు కట్టేసినట్టు ఉండటం నాకు చాలా ఇష్టం, ఎందుకంటే మన బడుల్లో ప్రయోగాలు ఎక్కువగా అలాగే జరుగుతాయి. న్యూయార్క్ వీధి వేరే సీరియల్‌కు వాడిన సెట్టు. అది బీదతనం, లోపం కాదు. విమర్శకుడు ఈ రెండిటినీ కలపకూడదు.

లోపం వేరేచోట ఉంది. చావబోయే మనిషిని ఎవరూ ఏమీ అడగరు. కథ బాధంతా కర్క్ ముఖం మీదే పెట్టింది. ఈడిత్ తన మరణం గురించి ఒక్క మాటైనా అనే అవకాశం రచయితలు ఇవ్వలేదు. ఆమె మంచితనాన్నే ప్రపంచానికి ప్రమాదంగా చూపించి, శాంతి కోరడం ఒప్పే కాని అది సమయం కాదని తీర్పు చెప్పి ముందుకు వెళ్లిపోయారు.

ఈ మాట మరో ఊళ్లో అయితే ఇంతటితో వదిలేసేవాణ్ణి. ముదిగొండలో వదలలేను. 2007 జూలై 28న, వామపక్షాల బంద్ రోజున, భూమి కోసం జరిగిన ఆందోళనలో పోలీసు కాల్పులకు ఇక్కడ ఏడుగురు చనిపోయారు. వాళ్ల చావు చరిత్రకు అవసరమైందని ఎవరైనా దూరాన కూర్చుని లెక్కగట్టి చెబితే మనం ఊరుకోగలమా? ఆ లెక్క ఒప్పే అయినా, లెక్కలో పడిన మనిషికి నోరు ఉండాలి. స్టార్ ట్రెక్ వాళ్లు యాభై నిమిషాల్లో అంత గొప్ప ప్రశ్న వేసి, ఆ ఒక్కచోట తడబడ్డారు. అయినా నేను దాన్ని గొప్ప ఎపిసోడ్ల వరసలోనే ఉంచుతాను. లోపం పట్టుకున్నామని బలాన్ని కొట్టిపారేయక్కర్లేదు.

ఇప్పుడు మన కథ దగ్గరికి వద్దాం. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ 1991 జూలైలో వచ్చింది. సినిమాయే, కాని కాలయంత్రం ఆగే రెండు మజిలీలను రెండు ఎపిసోడ్లుగా విడదీసి చూడవచ్చు. ఒకటి 1526 నాటి విజయనగరం, రెండోది 2504.

మొదటిది దాదాపు లోపం లేనిదనే అంటాను. రాయల సభ ఏమిటో, తెనాలి రామకృష్ణుడు ఎవరో తెలుగు ప్రేక్షకుడికి ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. కాబట్టి వివరించడానికి పోయే టైమంతా కథకే మిగిలింది. 1991లో దొంగలు వెంటపడే వజ్రం ఆ కాలపుదే కావడంతో రెండు కాలాలకూ ముడి పడింది. ఇప్పటి మనిషి అక్కడ నోరు జారితే ప్రాణం మీదికి వస్తుంది. అంటే యంత్రానికి ఖరీదు ఉంది.

రెండోది అలా కాదు. మూడో ప్రపంచయుద్ధం తర్వాత రేడియేషన్‌కు జడిసి జనం భూమి లోపల బతుకుతుంటారు. సోవియట్ యూనియన్ ఇంకా ఉన్న రోజులు, చెర్నోబిల్ జరిగి ఐదేళ్లు. ఆ భయం తెచ్చుకున్నది కాదు, నిజమైనదే. కానీ మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భూమి లోపల పనిచేయడమంటే ఏమిటో తెలిసినవాళ్లు ఇంటికొకరు ఉన్న ఊళ్లున్నాయి. ఇల్లెందులో 1889లోనే బొగ్గు తీయడం మొదలైంది. బొగ్గు గనుల సంస్థకు పేరైన సింగరేణి అన్నది ఈ జిల్లాలోని ఊరి పేరే. బొగ్గుబాయి దిగినవాళ్లను అడిగి చూడండి. గాలి దానంతట అది లోపలికి రాదు, పెద్ద ఫ్యాన్లు లాగాలి. ఊరే నీటిని రాత్రింబవళ్లు పంపులతో తోడాలి. పైకప్పు దిగకుండా సపోర్టు పెట్టాలి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే మైనింగ్ సర్దార్ ముందు గ్యాస్ చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పంపిస్తాడు.

2504 నగరంలో ఈ పని చేసేవాడు ఒక్కడూ కనిపించడు. అన్నీ మెరుస్తుంటాయి. ఆ మెరుపు వెనక ఫ్యాను ఇంటి దగ్గర షిఫ్టు మీద కూర్చున్న మనిషి ఒక్కడు ఉంటే, ఫ్యాను కాసేపు ఆగితే, ఆ భవిష్యత్తు మనకు అంటుకునేది. విజయనగరంలో రాయలు, నర్తకి సింహనందిని, రామకృష్ణుడు గుర్తుంటారు. 2504లో అలా గుర్తుండే మనిషి నాకు ఒక్కరూ లేరు. సైన్సు తప్పు కంటే ఇది పెద్ద తప్పు.

సైన్సు సంగతీ చూద్దాం. బాంబు బూడిదలో అయోడిన్-131 ఎనిమిది రోజుల్లో సగమవుతుంది. సీజియం-137కు 30 ఏళ్లు పడుతుంది. అంటే 300 ఏళ్లకు అది వెయ్యో వంతుకు దిగుతుంది. ప్లుటోనియం-239కి సగం తరగడానికి 24 వేల ఏళ్లు కావాలి. కాబట్టి యుద్ధం ఎప్పుడు జరిగింది, ఏది మిగిలింది అన్నదాన్ని బట్టి పైకి రావచ్చా లేదా అన్నది తేలుతుంది. ‘ఇప్పుడు పైకి వెళ్లవచ్చేమో’ అనే అనుమానమే ఆ జనం మధ్య తగాదా పెట్టగలదు. అంత కథ చేతిలో ఉండి వదిలేశారు. భయం తప్పు చోట పడటానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. అదే 1991లో మణుగూరు దగ్గర భారజల కర్మాగారం నడక మొదలుపెట్టింది. అది అణువిద్యుత్తు కోసం అనగానే జనానికి రేడియేషనే గుర్తొస్తుంది. భారజలం దానంతట అది రేడియోధార్మికం కాదు. మామూలు నీళ్లలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటిగా ఉండే డ్యుటీరియాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ సాయంతో పోగుచేస్తారు. అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవలసింది ఆ విషవాయువుతో. మంచి సైన్స్ ఫిక్షన్ భయాన్ని సరైన చోట పెడుతుంది.

ఎపిసోడ్ల రూపంలోనే తెలుగులో వచ్చినదాన్ని ఒక్కటి ప్రస్తావిస్తాను. 2021లో ఆహా ఓటీటీలో వచ్చిన ‘కుడి ఎడమైతే’, ఎనిమిది భాగాలు, దర్శకుడు పవన్ కుమార్. ఒక సీఐ, ఒక డెలివరీ కుర్రాడు ఒకే రోజులో చిక్కుకుపోతారు. పాత్రల ఎంపిక బ్రహ్మాండం. నిమిషాల లెక్కన బతికే ఉద్యోగాలు రెండూ. ఆ రోజు ఎందుకు తిరిగి వస్తోందో చెప్పకపోవడం నాకు లోపంగా తోచలేదు. మధ్య భాగాల్లో చూసిన దృశ్యమే కొత్త సంగతి లేకుండా మళ్లీ రావడం మాత్రం లోపమే. నిన్న ఒకడిని కొట్టి ఉంటే, ఇవాళ అతనికి అది గుర్తులేకపోతే, కొట్టినట్టా కాదా? ఈ ప్రశ్న దగ్గర ఇంకొంచెం సేపు ఆగి ఉండాల్సింది.

చివరగా పిల్లలకు ఒక పని. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టు 16న 75.6. 2022 వరద చూసిన ఒక లాంచీ సరంగు 1986 ఆగస్టు 14 పొద్దున్న అదే రేవులో కళ్లు తెరిచాడనుకోండి. రెండు రోజులు, ఒక లాంచీ. అతని అమ్మానాన్నలు కలుసుకున్నదే ఆ 1986 వరదలో, పునరావాస శిబిరంలో. తల్లి ఊరిని ముందే ఖాళీ చేయిస్తే ఆమె ఆ శిబిరానికి రాదు. లాంచీ మొదట ఏ ఊరి రేవుకు తిప్పుతాడు? అతని మాట నమ్మి ఎవరు ఎక్కుతారు? తల్లికి నిజం చెబుతాడా? చెబితే ఆమె ఏమంటుంది?

అరగంట ఎపిసోడ్‌గా రాసి మీ సైన్సు టీచరుకు ఇవ్వండి. ఎలాగైనా రాయండి, షరతు ఒక్కటే. 75.6 అన్న అంకె మారకూడదు.