గబ్బిలము, డయాటమ్

పొద్దు గ్రుంకగానే చెరువుగట్టు మర్రిచెట్టునుండి గబ్బిలాలు గుంపులుగా లేచి, నీటిని ఒరసుకొంటూ తోటలవైపు సాగిపోవడం దక్షిణాసియా పల్లెవాసులకు పరిచితమైన దృశ్యం. ఆ చెరువులోనే, రేవు రాళ్లపై కాలికి జారుడుగా తగిలే గోధుమరంగు పాచిలో, కంటికి కానరాని మరొక జీవి కలదు. శాస్త్రజ్ఞులు దానిని నిట్షియా పాలియా అంటారు. అది మంచినీటి డయాటమ్‌లలో ఒకటి.

భారతదేశపు పెద్ద ఫలాహార గబ్బిలం రెక్కలు చాపితే 1.2 మీటర్ల వెడల్పు ఉండగలదు. నిట్షియా పొడవు సుమారు మిల్లీమీటరులో 25వ వంతు. అనగా 30,000 రెట్ల తేడా! అయినను పరిమాణంకంటె సంతానక్రమంలోని భేదమే ఎక్కువ గమనించదగినది.

డయాటమ్ కణానికి మూత, అడుగు గల డబ్బీవంటి సిలికా కవచం ఉంటుంది. కణం రెండుగా చీలినపుడు ప్రతి పిల్లకణమూ పాత కవచంలో ఒక భాగాన్ని మూతగా గ్రహించి, లోపల కొత్త అడుగును నిర్మించుకొంటుంది. అందుచేత పాత అడుగు దక్కిన కణం తల్లికంటె కొంచెం చిన్నదవుతుంది. ఈ విధంగా తరతరానికి కృశించి, ఒక హద్దు చేరిన పిమ్మట, లైంగిక సంయోగంవల్ల పూర్వపు పరిమాణాన్ని తిరిగి పొందుతుంది. విభజన దినాలలోనే జరుగుతుంది గనుక నీటిలో మార్పు వచ్చిన కొద్దికాలానికే పాచిలోని జాతులూ మారుతాయి. మురుగును సహించే నిట్షియా పాలియా ప్రబలినచోట శుద్ధజలాన్ని కోరే జాతులు తగ్గిపోతాయి. పాచిని గీకి సూక్ష్మదర్శినిలో పరిశీలించినవారు చెరువు ఆరోగ్యాన్ని చదువగలరు.

గబ్బిలానికి ఈ వేగం లేదు. ఏడాదికి సాధారణంగా ఒకే పిల్ల. తొలి వారాలలో తల్లి దానిని రొమ్మునకు కరపించుకొనియే ఎగురుతుంది. వేటగాని చేతిలో నశించిన గుంపు కోలుకొనడానికి సంవత్సరాలు పడుతుంది. అట్టి జీవిని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాకి, ఎలుకల సరసన హానికర జంతువుల పట్టికలో చేర్చింది. కొరికిన మామిడిపండ్లు లెక్కకు వచ్చాయిగాని, దూరదూరాలకు చేర్చిన విత్తనాలు, పుప్పొడి లెక్కకు రాలేదు. ఆ పట్టికను తొలగించడానికి 2022 నాటి సవరణ చట్టం వరకు ఆగవలసి వచ్చింది.

నిపా వైరస్‌కు ఇవి ఆశ్రయమన్న మాట నిజమే. 2018లో కేరళలో ఆ వ్యాధి తలెత్తినపుడు గబ్బిలాలపై భయమూ పెరిగింది. అవి కొరికిన పండ్లను తినకూడదు. అందుకొరకు చెట్లను నరకవలసిన పని లేదు. బంగ్లాదేశ్‌లో ఈతరసపు కుండల చుట్టూ వెదురు తడకలు కట్టి, గబ్బిలాలు రసాన్ని తాకకుండా చేయవచ్చునని పరీక్షించి చూశారు.

తమిళనాడులోని కొన్ని గ్రామాలవారు, చట్టం మారడానికి ఎంతో ముందునుండియే, గబ్బిలాలు వ్రేలాడే మర్రిచెట్టు దాపున దీపావళినాడు సైతం బాణసంచా కాల్చరు.