లారీ ఆగిన చోట ఉస్తాద్ ఎందుకు ఆగిపోవాలి?

(పాతబస్తీలో లారీ డ్రైవర్లు, మెకానిక్‌ల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజిన్ విప్పినవాణ్ణి కాను. ముప్పయి యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు విప్పి, మళ్లీ కట్టినవాణ్ణి. పదవీ విరమణ తరువాత మన మొహల్లాలో దరఖాస్తులు రాసిపెట్టడం పనిగా పెట్టుకున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో లారీ నడిపేవారు, లారీ బాగుచేసేవారు అధికం. కొన్నేళ్లుగా వారి నోట ఒకే మాట వింటున్నాను: "సాబ్, ఇంజిన్ బాగానే ఉంది, కంప్యూటరే ఒప్పుకోవడం లేదు." ఈ మాట వెనుక ఎన్ని ఇళ్ల పొయ్యి ఉందో ఆలోచించినందువల్లే ఈనాడు మీ ముందు నిలబడ్డాను.

ఆరాంఘర్ చౌరస్తా నుండి శివరాంపల్లి, కాటేదాన్ వరకు, ఇటు చాంద్రాయణగుట్ట దాటి పహాడీషరీఫ్ దారి పొడవునా ఉన్న షెడ్లలో పనిచేసే ఉస్తాద్‌లు ఏ కళాశాలలోనూ చదువుకోలేదు. పంపు పని, నాజిల్ పని, గేర్‌బాక్స్ పని తండ్రి నుండి, మామ నుండి, పొరుగు ఉస్తాద్ నుండి నేర్చుకున్నారు. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన నాటి నుండి ఈ నగరంలో మోటారు పని తెలిసిన చేతులకు కరువు లేదు. ఇంజిన్ చప్పుడు విని ఏ సిలిండర్ పనిచేయడం లేదో చెప్పగల వారు ఈ సభలోనే ఉన్నారు. ఆ విద్యను తక్కువ చేసి చూసేవారితో నేను ఏకీభవించను.

అయితే 2017 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. మధ్యలో అయిదవ మెట్టును వదిలివేసి ఒకేసారి ఆరవ మెట్టు ఎక్కారు. డీజిల్‌లో గంధకం 50 పాళ్ల నుండి పదిలక్షలకు 10 పాళ్లకు దిగింది. పంపు తన బలంతో నాజిల్‌కు ఇంధనం తోసే కాలం పోయింది. కామన్ రైల్ వచ్చింది, ప్రతి చోటా సెన్సర్ వచ్చింది, వాటన్నిటిపై ఆజ్ఞలు జారీచేసే ఇ.సి.యు. వచ్చింది, పొగగొట్టంలో యూరియా ద్రావణం చిమ్మే ఏర్పాటు వచ్చింది. గాలి శుభ్రపడాలన్న ఉద్దేశం మంచిదే. మన పిల్లలు పీల్చేదీ ఆ గాలే. కాని అమ్మే బండి మారినంత వేగంగా దానిని బాగుచేసే మనిషికి నేర్పే ఏర్పాటు మారలేదు. నా ఫిర్యాదు అంతవరకే.

ఒక డ్రైవర్ చెప్పిన సంగతి వినండి. సరుకుతో బెంగళూరు రోడ్డున పోతుండగా జడ్చర్ల దాటాక పసుపు దీపం వెలిగింది, బండి బలం తగ్గింది, ఎక్సలేటర్ ఎంత తొక్కినా నడక దాటలేదు. దారి పక్క మెకానిక్ ఒక సెన్సర్ మార్చాడు. తగ్గలేదు. ఇంకొకరు మరొకటి మార్చారు. తగ్గలేదు. రెండు రాత్రులు క్యాబిన్‌లోనే గడిచాయి. చివరకు తేలినదేమిటంటే, ఛాసిస్‌కు ఒరుసుకొని ఒక తీగ పైతొడుగు అరిగిపోయింది. జానెడు తీగ, రెండు రాత్రులు. యజమాని ఆ రెండు రోజుల భత్తా కోసివేశాడు. ఆయన ఎవరన్నది ఇక్కడ అనవసరం. అలాంటివారు ఒక్కరే కారు.

కనుక రోడ్డు మీద ఏం చేయాలో ముందు చెప్పుకుందాం. ఇది ఉస్తాద్‌లకు తెలిసినదే. ఇంట్లో ఫోను పట్టుకొని కూర్చునే భార్యలకు, కొడుకులకు కూడా తెలిస్తే మేలు.

బండి ఆగగానే చూడవలసింది ఇంజిన్‌ను కాదు, వెనుక వచ్చే వాహనాన్ని. చీకట్లో ఆగివున్న లారీని వెనుక నుండి గుద్దుకొని పోయిన ప్రాణాలకు లెక్కలేదు. నాలుగు దీపాలూ మినుకుమనేలా పెట్టాలి. ఎర్రని త్రికోణాన్ని బండి పక్కనే కాక బాగా వెనుక, వచ్చేవాడికి బ్రేకు వేసే సమయం ఉండేంత దూరంలో నిలపాలి. జాతీయ రహదారిపై 1033కు ఫోను చేస్తే గస్తీ బండి, క్రేన్ సహాయం అడగవచ్చు. ప్రమాదం జరిగితే 112. ఈ రెండు అంకెలూ పెద్ద అక్షరాలతో రాసి క్యాబిన్‌లో అంటించండి.

తరువాత దీపం రంగు చూడాలి. ఎరుపైతే ఇంజిన్ వెంటనే ఆపాలి. ఆయిల్ ఒత్తిడి గాని, వేడి గాని హద్దు దాటి ఉండవచ్చు. పసుపైతే సాధారణంగా నిదానంగా సురక్షితమైన చోటికి చేరుకోవచ్చు. యూరియా ద్రావణం తొట్టి అడుగంటినా, అందులో నీళ్లు కలిసినా కంప్యూటర్ తనంతట తాను బలం తగ్గిస్తుంది. ఆ ద్రావణంలో యూరియా 32.5 శాతం, మిగిలినది శుద్ధమైన నీరు. పొలానికి చల్లే యూరియాను పంపు నీళ్లలో కలిపి పోస్తే ఆ సామగ్రి అంతా గడ్డకట్టి పాడవుతుంది. వంద రూపాయలు మిగిలించబోయి లక్ష పోగొట్టుకోవడమే.

ఆ పైన బ్యాటరీ. లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిసి 24 వోల్టులు ఇస్తాయి. పాటల పెట్టె కోసం, ఫోను ఛార్జింగ్ కోసం ఒక్క బ్యాటరీ నుండే తీగ లాగడం మనవాళ్ల అలవాటు. అప్పుడు ఒకటి నీరసించి, రెండవది అధిక ఛార్జింగుతో చెడుతుంది. స్టార్ట్ చేసే వేళ వోల్టేజి పడిపోయి కంప్యూటర్ లేని జబ్బులన్నీ చూపుతుంది. 24ను 12కు దించే కన్వర్టర్ వేయించుకోండి. స్కానర్ పెట్టకముందే బ్యాటరీ కొసలు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ తీగ, ఫ్యూజులు చూడమని అనుభవజ్ఞులందరూ చెబుతారు.

ఇప్పుడు ఉస్తాద్‌లకు ఒక ముఖ్యమైన మనవి. పాత ఇంజిన్‌కు గాలి పట్టితే నాజిల్ పైపు నట్టు వదులుచేసి, ఇంజిన్ తిప్పి గాలి తీసేవారు. కామన్ రైల్ బండిలో ఆ పని ఎన్నడూ చేయవద్దు. ఆ పైపులో ఒత్తిడి 1600 బార్, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. లారీ టైరులోని గాలి ఒత్తిడికి ఇది సుమారు 200 రెట్లు. సన్నని డీజిల్ ధార చర్మం చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. కట్టు కట్టుకొని ఇంటికి పోకూడదు. వెంటనే శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఆలస్యమైతే వేలు, ఒక్కొక్కప్పుడు చేయి పోతుంది. చేయి పోయిన ఉస్తాద్ ఇల్లు ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అలాగే బాడీకి వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ తీగలు తప్పక విప్పాలి. ఒక్క మెరుపుతో ఇ.సి.యు. కాలిపోతే దాని ఖరీదు మీరు అడిగే కూలికి ఎన్నో రెట్లు.

స్కానర్ చెప్పే కోడ్ విషయం. పెద్ద బండ్లలో కోడ్ సాధారణంగా రెండు అంకెలుగా వస్తుంది. ఎస్.పి.ఎన్. అనేది ఏ భాగమో చెబుతుంది, ఎఫ్.ఎం.ఐ. అనేది ఏ రకపు లోపమో చెబుతుంది. ఉదాహరణకు 100 అంటే ఇంజిన్ ఆయిల్ ఒత్తిడి. 100 పక్కన 1 వస్తే ఒత్తిడి నిజంగానే ప్రమాదకరంగా పడిపోయిందని అర్థం, ఇంజిన్ ఆపి ఆయిల్ చూడాలి. అదే 100 పక్కన 4 వస్తే వోల్టేజి తక్కువగా ఉందని, అంటే తీగ గాని సెన్సర్ గాని చూడమని అర్థం. 5 వస్తే ఎక్కడో తీగ తెగిందని అనుమానించాలి. మొదటి అంకె మాత్రమే చూసి, సెన్సర్ మార్చి డబ్బు తీసుకునేవారి వల్లనే జడ్చర్ల దాటిన డ్రైవర్ రెండు రాత్రులు రోడ్డుమీద గడిపాడు. ఎక్కడ వెతకాలో కోడ్ చెబుతుంది. వెతకవలసింది మనిషే, అరిగిన తీగను పట్టుకోవలసింది ఆ పాత చేయే. కనుక మన ఉస్తాద్‌ల విద్యకు కాలం చెల్లలేదు. దానికి ఒక పట్టిక, ఒక పరికరం తోడు కావాలి.

ఆ తోడు ఎందుకు అందడం లేదన్న ప్రశ్న దగ్గర నా పాత గుమాస్తా బుద్ధి మేలుకుంటుంది. కంపెనీ స్కానర్ బయట అమ్మరు, మరమ్మతు పుస్తకం ఇవ్వరు, బయట చేయిస్తే వారంటీ పోతుందని యజమానిని బెదిరిస్తారు. కార్ల విషయంలో ఇదే పద్ధతిపై కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న ఉత్తర్వు ఇచ్చింది. 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ, విడిభాగాలు, లోపాలు పసిగట్టే పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకు అందాలని, బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దుచేసే షరతు పెట్టరాదని చెప్పింది. కంపెనీలు పై మెట్లకు వెళ్లాయి. పైగా అది లారీల కేసు కాదు. అయినా మన వాదనకు అది గట్టి పునాది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో "మరమ్మతు హక్కు"పై కమిటీ వేసి, అది చూడవలసిన నాలుగు రంగాలలో మోటారు వాహనాలనూ చేర్చింది. అదే ఏడు డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచారు. పోర్టల్ చట్టం కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో ఓటర్లే ఈ హక్కును చట్టం చేయించుకున్నారు. 2015లో పెద్ద లారీల కంపెనీలు కూడా సమాచారం ఇవ్వడానికి ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. అక్కడ వీలైనది ఇక్కడ ఎందుకు వీలుకాదు?

ఈ ప్రశ్న మనకు ఇతరులకంటె దగ్గరిది. ముస్లింలలో స్వయం ఉపాధిపై బ్రతికేవారి నిష్పత్తి ఎక్కువ అని సచార్ కమిటీ 2006లోనే నివేదించింది. నెల జీతం లేనివాడికి పనిముట్టే భూమి, పనిముట్టే పింఛను. కాని 2023లో ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులు చూడండి. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడున్నాడు, దర్జీ ఉన్నాడు, మోటారు మెకానిక్ లేడు. వారు ఉండడం న్యాయమే. ఇతడు లేకపోవడమే అన్యాయం. ఈ ఒక్క అంశంపై మన ప్రతినిధులకు వినతిపత్రం ఇద్దామని నా ప్రతిపాదన. ముసాయిదా తెచ్చాను, సంతకాలకు బల్లమీద ఉంది.

అడగడంతోపాటు ఉన్న తలుపులు తట్టాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. డబ్బు అడిగే దళారిని నమ్మవద్దు. ముద్రా రుణం మొదటి మెట్టులో 50,000 వరకు, రెండవ మెట్టులో 5 లక్షల వరకు ఉంది. స్కానర్లు కొన్ని వేల నుండి లక్ష దాటే వరకు ఉంటాయి గనుక నలుగురు షెడ్ల వారు కలిసి ఒకటి కొనుక్కోవడం తెలివైన పని. ఇరవై యేళ్ల అనుభవం గల ఉస్తాద్‌కు కాగితం లేదని బాధ. అటువంటివారి నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఆర్.పి.ఎల్. పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉంది.

పిల్లల మాట కూడా అనాలి, కొందరికి రుచించకపోయినా. పద్నాలుగేళ్లు నిండని పిల్లవాణ్ణి షెడ్డులో పనికి పెట్టడం చట్టవిరుద్ధం. అది అలా ఉంచి, బడి మానిన ఛోటూ రేపు స్కానర్ తెరమీది రెండు పంక్తులు చదవలేడు. మల్లేపల్లి ఐటీఐ వంటి చోట డీజిల్ మెకానిక్ కోర్సు ఒక్క సంవత్సరమే, కాని పదవ తరగతి కావాలి. బడి మానినవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదవ తరగతి రాసే దారి ఉంది. సాయంత్రం షెడ్డులో ఉస్తాద్ దగ్గర చేయి నేర్చుకోనివ్వండి, పగలు చదవనివ్వండి.

మరొక మాట. యూరియా వ్యవస్థను మోసగించే చిన్న పెట్టె అమర్చి దీపం ఆర్పేస్తామని కొందరు బేరం పెడుతున్నారు. దయచేసి ఆ పని ముట్టవద్దు. అది చట్టాన్ని అతిక్రమించడమే. ఆ పొగ వెళ్లేది కూడా మన గల్లీలోకే. హక్కు అడిగే నోటికి ఆ పని మచ్చ తెస్తుంది.

వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత ఇదే హాలులో కూర్చుంటాను. ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, రెండు ఫోటోలు తెచ్చుకుంటే ఉద్యమ్, ఓపెన్ స్కూల్ దరఖాస్తులు నింపిపెడతాను. ఇంగ్లీషు తెలిసిన అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు వస్తే ఇంకా మంచిది. తరచుగా వచ్చే కోడ్‌ల పట్టికను తెలుగులో, ఉర్దూలో రాసి ప్రతి షెడ్డు గోడకు అంటించాలని ఉంది. ఏ కోడ్‌లు తరచుగా వస్తున్నాయో ఉస్తాద్‌లే చెప్పాలి.