‘పట్టింపు లేనిది’ అనే ముందు
(సర్వసభ్య సమావేశంలో ప్రసంగ పాఠం)



కిస్తీ తారీఖు మర్చిపోతది, పాసుబుక్కు ఎక్కడో పెడ్తది, పని సగంలో వదిలేస్తది. అట్లాంటి అక్కను మనం ‘పట్టింపు లేనిది’ అంటం, జరిమానా వేస్తం. అది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని సమస్య కావచ్చు. ఇది పెద్దలకూ ఉంటది. కానీ 12 ఏండ్ల లోపే మొదలైతది. ఇంట్లో, పని కాడ రెండు చోట్లా ఇబ్బంది పెడ్తది. ఆడపిల్లల్లో అల్లరి కంటే పరధ్యానమే ఎక్కువ కాబట్టి చాలాసార్లు బడిలో గుర్తించరు.

దీనికి రక్తపరీక్ష, స్కానింగు లేవు. మానసిక వైద్యులు చిన్ననాటి సంగతులు అడిగి నిర్ధారిస్తరు. తల్లినో, అక్కనో వెంట తీసుకపోతే మేలు. థైరాయిడ్, నిద్రలేమి, దిగులు ఉన్నా ఇట్లనే అనిపిస్తది, అవీ చూపించుకోవాలె. టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు.

జరిమానా రాసే ముందు ఒక్క మాట అడుగుదాం: “చిన్నప్పటి నుంచీ ఇట్లనేనా అక్కా?”