పిడి కింద పేరు

ఈ పూట జపాను దేశపు పాత కత్తుల గురించీ, వాటిని చేసిన కమ్మరుల గురించీ నాలుగు మాటలు చెప్పుకుందాం.

తాతలనాటి ఇత్తడి చెంబు అటక మీద దొరికితే మనం ముందు చేసే పని ఏమిటి? చింతపండు పెట్టి తళతళలాడేలా తోమేస్తాం. జపాను కత్తి విషయంలో అది కూడదు. పిడిని బిగించిన చిన్న వెదురు మేకును తీస్తే పిడి ఊడి వస్తుంది. లోపల ఉండే ఇనుప తోకను వాళ్లు నకాగో అంటారు. కమ్మరి తన పేరును ఉలితో చెక్కేది అక్కడే, ఎవరికీ కనబడని చోట. ఆ తోకకు పట్టిన తుప్పు రంగును చూసే నిపుణులు కత్తి వయసు అంచనా వేస్తారు. తోమితే ఆ సాక్ష్యం పోతుంది.

ఉక్కు అనే మాట తెలుగులోనూ కన్నడంలోనూ ఒకటే. చేసే తీరు మాత్రం దేశానికొకటి. మన కోనసముద్రంలో మూసల్లో కరిగించి ఉక్కు చేసేవారు. జపాను వాళ్లు ఇనుప ఇసుకనూ బొగ్గునూ మట్టి కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు కాలుస్తారు. అలా వచ్చిన ఉక్కును కాచి, సాగగొట్టి, మడిచి, మళ్లీ సాగగొడతారు. పదిసార్లు మడిస్తే 1,024 పొరలు. లెక్కలు చెప్పేవాణ్ణి కనుక ఇది చెప్పకుండా ఉండలేను!

అసలు పరీక్ష నీళ్ల దగ్గర. కత్తి వీపుకు మట్టి మందంగా, వాదరకు పలుచగా పూసి, ఎర్రగా కాల్చి ముంచుతారు. వాదర గబుక్కున చల్లారి గట్టిపడుతుంది. వీపు నిదానంగా చల్లారి, విరగకుండా ఓర్చుకునే గుణం నిలుపుకుంటుంది. కత్తికి ఆ అందమైన వంపు చాలావరకు నీళ్లలోనే వస్తుంది. పగులు వచ్చేదీ అక్కడే. వస్తే అన్నాళ్ల కష్టమూ ఒక్క క్షణంలో పోయినట్టే.

14వ శతాబ్దం తొలినాళ్లలో కామకురా ప్రాంతంలో పనిచేసిన మసమునే అందరిలోకీ పేరు పొందిన కమ్మరి. ఆయన పేరు చెక్కి ఉన్న కత్తులు మాత్రం బహు కొద్ది. తర్వాతి కాలంవారు పొడుగు కత్తులను పొట్టి చేయించుకున్నారు. కోసేది మొన వైపు కాదు, తోక వైపు. అలా ఎందరో కమ్మరుల పేర్లు తెగిన ముక్కతోపాటే పోయాయి.

1876లో సైనికులు, పోలీసులు వంటివారు తప్ప ఇతరులు కత్తి ధరించరాదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. తరాలుగా కత్తులు చేసిన చేతులు వంటకత్తులకూ కొడవళ్లకూ దిగాయి. ఒసాకాలో గస్సాన్ సదకాజు మాత్రం కొలిమి ఆర్పలేదు. 1906లో ఆయనను రాజాస్థాన కళాకారుడిగా నియమించారు.

1945లో జపాను ఓడింది. కత్తులు అప్పగించమన్నారు. తోకుగావా వంశంవారు హోంజో మసమునే అనే ప్రసిద్ధ ఖడ్గాన్ని ఆ డిసెంబరులో టోక్యోలోని మెజిరో పోలీసు స్టేషనులో ఇచ్చారు. అది ఇంతవరకు దొరకలేదు. ఇప్పుడు ప్రభుత్వ లైసెన్సు పొందిన కమ్మరులు అక్కడ మళ్లీ కత్తులు చేస్తున్నారు. పేరు చెక్కేది నేటికీ పిడి కిందనే.